అడగడానికి ఒక దుంప

లొరేన్ ఊరికి పైన, వాలు మీద
యూఫ్రాజీ చేను పొద్దున్నే తడిసి ఉంది.
ఉక్కు గొట్టం దింపాను, ముప్పై సెంటీమీటర్లు.
అగ్నిపర్వతం నూరిపోసిన నల్లమట్టి పైకొచ్చింది.
ఏ వాసనా లేదు.
మంచి మట్టికీ దీనికీ తేడా
సముద్రం అవతలి ల్యాబ్‌లో
యంత్రానికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ లోపల్నుంచి ఒక సార్డీన్ డబ్బా తెచ్చింది.
"దీంతోనే. చెట్టు మొదట్లో డబ్బాడు తెల్లపొడి,
అరటిదుంపని తొలిచే పురుగు చావాలని.
మధ్యాహ్నం అదే చేత్తో రొట్టె తినేవాళ్లం.
మా తియోడ్యూల్ అనేవాడు,
అచ్చం పిండిలా ఉందే, చేపవడలు వేసుకోవచ్చని."
నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగి
ఎటు పోవాలో తెలియక నిలబడింది.
తియోడ్యూల్‌ని రాసుకోడానికి
నా ఫారంలో గడి లేదు.

పురుగు పోయింది, తోట పోయింది, కంపెనీ పోయింది.
పొడి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆవిడ కోళ్లు మట్టి గీరకుండా సిమెంటు మీద తిరుగుతాయి.
పెండలం తీగ పాత స్నానాల తొట్టిలో,
డబ్బిచ్చి కొన్న మట్టిలో.
చెట్టు మీది కాయకి భయం లేదమ్మా అన్నాను,
మట్టిని అంటుకుని పెరిగిందే తినకూడదు.
"మరి నేను?" అంది.

మార్చిలో ఇనపరజను చల్లి దున్నాం.
తడిపాం, రోలరుతో తొక్కించాం,
కొన్నాళ్లు ఊపిరి బిగబట్టమన్నాం నేలని.
ఇనుము తాను తుప్పు పడుతూ
విషం చిక్కుముడి నుంచి
ఒక్కో పోగూ లాగుతుంది.
చాలా రోజులు వానపాము కనబడలేదు.
తర్వాత పెంట తోలాం, చెరకుపిప్పి కుళ్లబెట్టి కలిపాం.

అంకెలొచ్చాయి. సగానికి పైగా తగ్గింది.
"సగం మునిగినవాణ్ణి
ఒడ్డున పడ్డాడంటామా?" అంది.
కంది వేసుకోవచ్చు, టమాటా వేసుకోవచ్చు,
క్రిస్మస్‌కి పచ్చికందులు చేతికొస్తాయి.
"చేమదుంప?"
నేను కాగితం మడిచాను.

రెండు నెలలకి మళ్లీ వెళ్తే
కందిసాళ్ల చివర ఒకే ఒక్క చేమమొక్క.
ఏ చినుకునీ నిలవనివ్వని ఆకు.
గుర్తుగా పక్కన బోర్లించిన సార్డీన్ డబ్బా.

"తినడానికి కాదులే, అడగడానికి.
ఏడాదికొకటి వేసి, తవ్వి నీ చేతిలో పెడతాను.
నువ్వా యంత్రాన్ని అడుగు.
నా తర్వాత మాయెలీస్ వేస్తుంది,
దానికి గుంట లోతు చూపించాను."

ఫారం తీశాను.
'పంట' అన్న గడి దగ్గర కాసేపు ఆగి
'ఒకటి' అని రాశాను.