తుమ్ము రాని పొడి

గుంటూరు మిర్చి యార్డులో ఆరేళ్లు ముచ్చికలు తీశాను.
ఆ ఎరుపు దూరం నుంచే కేకేసి వస్తుంది,
ముక్కుకి ముందు, కళ్లకి తర్వాత, చివరికి అరచేతులకి.
రాత్రి చంటిదాన్ని తాకాలంటే
కొబ్బరినూనె రాసి రెండుసార్లు కడుక్కునేదాన్ని.

ఇప్పుడు బెజవాడ ఆటోనగర్‌లో
బాజీ మేస్త్రి కొలిమి షెడ్డు. తూకం నాది.
డబ్బా మీద బోరాన్ అని రాసుంటుంది.
మూత తీస్తే, తియ్యకూడదనుకోండి,
పొగాకు మాడ్చి నూరినట్టు గోధుమ నలుపు.
నశ్యం అనుకుని ఎవడైనా పీల్చినా
తుమ్ము రాదు.

"మిరపకాయ పెద్దమనిషమ్మా," అంటాడు మేస్త్రి,
"వస్తన్నానని చెప్పి వస్తది. ఇది చెప్పదు."
తలవెంట్రుకని అడ్డంగా వెయ్యి పాళ్లు చేస్తే
అందులో ఒక పాలంత రేణువు.
లోపలికి పోయిందని ఊపిరితిత్తికే తెలియదు.
అందుకే గాజు పెట్టె, అందులో ఆర్గాన్ వాయువు,
పెట్టె గోడకి బిగించిన మందపాటి తొడుగులు.
నా చేతులు లోపల, నేను బయట.
నూట ఇరవై గ్రాములు.
అంకె వణికితే మళ్లీ మొదటినుంచి.

డబ్బాలు తెచ్చే వేమారెడ్డి టీ తాగుతూ చెప్పాడు,
దీన్ని రాకెట్ ఇంధనంలో కలపాలని చూస్తారట.
బరువుకి ఇంత వేడి ఇచ్చేవి అరుదట.
కానీ రాజుకున్నాక
తన బూడిదే గాజులా కరిగి తనని చుట్టేస్తుందట,
సగం మండి, ఊపిరాడక ఆరిపోతుందట.
నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.
అలాంటివాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.
అణు రియాక్టర్లలో న్యూట్రాన్లని మింగుతుందనీ అన్నాడు.
అది నాకర్థం కాలేదు, బాజీకీ కాలేదు,
వేమారెడ్డి కూడా గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు.

పత్తికి పూత రాలినప్పుడు మా నాన్న
నీళ్లలో బోరాక్స్ కలిపి కొట్టేవాడు.
అదీ ఇదీ ఒకే ఇంటిపేరని
ఇక్కడికొచ్చాకే తెలిసింది.

రోహిణి కార్తెలో ఒకరోజు
కొత్త కుర్రాడు ఏసుపాదం, ఖాళీ డబ్బాయే కదా అని
గుమ్మం బయట దులిపాడు.
నైలాన్ చొక్కా, ఎండుగాలి, ఎక్కడో చిటుక్కుమంది.
పచ్చ మంట.
వరిమడి పచ్చ కాదు, చిలక పచ్చా కాదు,
రైలుని పొమ్మనే పచ్చ.
ఒక్క క్షణం అందరం చూస్తూ నిలబడిపోయాం,
అందంగా ఉంది మరి.
తర్వాత బాజీ ఇసుక బకెట్‌తో పరిగెత్తాడు.
ఏసుపాదానికి కనుబొమలు మొలవడానికి నెలన్నర పట్టింది.

మేం చేసే పని చిన్నది.
కారం మిల్లుల సుత్తులు తెస్తారు గుంటూరు నుంచి,
అరిగినవి చూపించి కొత్తవి ఇస్తారు.
ఇనప పెట్టెలో పేర్చి, చుట్టూ ఈ పొడి కూరి,
మూతకి మట్టి మెత్తి
తొమ్మిదివందల యాభై డిగ్రీల్లో ఆరు గంటలు.
పొడి పైపైన అంటుకోదు,
మాగాయ ముక్కలోకి ఉప్పు దిగినట్టు
ఉక్కులోకి దిగుతుంది.
చల్లారాక ఆకురాయి పెడితే
ఆకురాయే జారిపోతుంది.

మొన్న బాకీ అడగడానికి మిల్లుకి వెళ్లాను.
నాలుగు నెలలైనా సుత్తి అంచు
బొటనవేలికి అంచులాగే తగిలింది.
"ఇవి అరక్కపోతే మళ్లీ మీ దగ్గరికెందుకొస్తాం?"
నవ్వాడు ఓనరు, సగం డబ్బు చేతిలో పెడుతూ.
ఈ మాట బాజీకి చెప్పాలా వద్దా అనుకుంటుంటే
వెనకాల ఎవరో జల్లెడ దులిపారు.

తుమ్మాను. ఒకటి కాదు, ఏడో ఎనిమిదో.
మంచినీళ్లు తెచ్చిచ్చింది మిల్లులో పిల్ల.
వద్దన్నాను.