గట్టు తగాదా

సులవేసి దగ్గర, నీళ్ళ మీద నిలబెట్టిన ఊళ్ళో
పొందాంగ్ తాత చెక్క కళ్ళద్దాలు తగిలించుకుని
మునిగి, చాలాసేపటికి తేలాడు.

"కొట్టుకోవడం మానేశాయి," అన్నాడు.

సీతాకోక చేపల సంగతి.
జంటకో పగడపు గుబురు.
జానెడు హద్దు దాటితే చాలు
ముళ్ళు నిక్కబొడుచుకుని మీదికొచ్చేవి.
తరాల నాటి గట్టు తగాదాలు.

పోయినేడాది నీళ్ళు కాగాయి.
పగడం సున్నంలా తెల్లబడింది,
ఆపైన పాచి పట్టింది.
ఇప్పుడు నాలుగు జంటలు ఒక్క మోడు చుట్టూ
ఒకదాన్నొకటి చూడనట్టే తిరుగుతున్నాయి,
వీపులు సన్నబడి.

"రాజీపడ్డాయేమో" అంది మనవరాలు హస్నియా.

తాత కళ్ళద్దాల్లో నీళ్ళు ఒంపేశాడు.
బుట్టలో ఇవాళా పాచి మేసే చేపలే, మూడు.

చీకటి పడింది.
వల కట్టే చోటు నాదంటే నాదని
రోజూ అరిచే పక్కింటి సలిండా
ఇవాళ గొడవకి రాలేదు.