పోగు

ఆల్బన్ కెటిల్‌వెల్ లేత్ మీద గిన్నెలు తీస్తాడు.
నలుచదరపు దిమ్మెలోంచి గుండ్రం తీస్తే
నాలుగు మూలలు మిగులుతాయి.
ఆ మూలలే అతని చలికాలం.
పొయ్యి పక్కన, ఒంటిచెవి ఇనప బకెట్లో, పోగు.

గుడ్లిచ్చే వంకన వెళ్తాను నేను.
గొంతుక్కూర్చుని
బియ్యంలో రాళ్ళేరినట్టు
కట్టెల్లో నగలేరుతాను.
"రాత్రికి చలేస్తే నీ కమ్మలు తెచ్చి కాల్చుకోనా?"
అంటాడు, వెనక్కి తిరక్కుండానే.

హ్యూవాన్ పైన్ ముక్క దొరికిన రోజు పండగ.
టాస్మేనియాలో ఇప్పుడా చెట్టు మీద
గొడ్డలి వెయ్యనివ్వరు.
వెనకటివాళ్ళు నరికి మరిచిపోయినవీ
వరద ఒడ్డున దింపిపోయినవీ
నదిని బతిమాలి తెచ్చుకోవాలి.
ఎన్నేళ్ళు నీళ్ళలో నానిందో ఏమో,
రంపం ఆనీ ఆనగానే
లవంగాల డబ్బా మూత తీసినట్టు
గుప్పుమంటుంది.

బొటనవేలి గోరంత ముక్క.
భూతద్దం పెట్టి గీతలు లెక్కపెట్టాను:
ముప్ఫై ఏడు.
గోరు వెడల్పు పెరగడానికి ముప్ఫై ఏడేళ్ళు.
మా అమ్మ బతికింది
అంతకన్నా రెండేళ్ళు ఎక్కువ.
పదకొండో గీత మరీ సన్నం.
ఆ ఏడాది ఆ చెట్టుకేమైందో.

దాన్ని నిలువునా రెండు చేశాను. కవలలు.
తర్వాత గరుకు కాగితం:
ఎనభై, నూట ఇరవై,
రెండొందల నలభై, నాలుగొందలు...
ఎక్కం అప్పజెప్పినట్టు ఒకదాని తర్వాత ఒకటి.
మధ్యలో ఒకటి ఎగ్గొడితే
నూనె రాశాక బయటపడుతుంది దొంగతనం.
అరిగి అరిగి, ఇప్పుడు నా ఫోను
నా వేలిని గుర్తుపట్టదు.

చివర్లో బెజ్జం.
ఊపిరి బిగబట్టాలి,
బయట కుక్క మొరగకూడదు.
పదింట్లో నాలుగు ఆ బెజ్జం దగ్గరే చీలి
వచ్చిన బకెట్లోకే పోతాయి.

ఒకసారి ఆశపడ్డాను.
అతని లేత్ మీదే, బ్లాక్‌వుడ్‌తో
చేతికి గాజు తీద్దామని.
పలచబడింది, ఇంకా పలచన చేద్దామనుకున్నాను.
ఉలి కరిచింది.
గాజు ఎగిరి కిటికీ గాజుకు తగిలింది.
గెలిచింది చెక్కదే.
ఆల్బన్ ఒక్క మాట అనలేదు,
అట్టముక్క అంటించాడు.
మూడేళ్ళయింది. ఆ అట్ట అలాగే ఉంది.
గాలి వీచినప్పుడల్లా
అతను అనని మాటలన్నీ అది అంటుంది.

నెలకో ఆదివారం హాల్లో సంత.
జామ్ సీసాలకీ ఉన్ని టోపీలకీ మధ్య నా బల్ల.
రోవీనా వచ్చింది, దుంగల లారీ నడిపే మనిషి.
అందరూ అద్దంలో చూసుకుంటారు,
ఈమె ముందు వాసన చూసింది.
గోటితో తట్టి, "చేవ" అంది.
తర్వాత జుట్టు వెనక్కి తోసింది.

కిటికీ వైపు చెవి.
పాతికేళ్ళ ఎండ ఒకే వైపు కాస్తే
డాక్టరు తమ్మె దాకా కోసి తీసేశాడట.
"నాకు ఒకటి చాలు."

జత విడదియ్యనని నోటిదాకా వచ్చింది.
నాలుక కరుచుకున్నాను.
ఆమె జతకి డబ్బిచ్చింది, ఒకటి పెట్టుకుంది,
రెండోది బల్ల మీద వదిలేసి
సగం జామ్ సీసాలు కొనుక్కుని వెళ్ళిపోయింది.

మిగిలినదాన్ని ఏం చెయ్యను?
అమ్మలేను, అది నాది కాదు.
పెట్టుకోలేను, నాకు రెండు చెవులున్నాయి.
గుడ్లతో పాటు పట్టుకెళ్ళి
బకెట్లో వెయ్యబోతే
ఆల్బన్ చెయ్యి అడ్డం పెట్టాడు.
కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకుని
చాలాసేపు చూశాడు.
"ఈ మూల నా ఉప్పు గిన్నెది," అన్నాడు.

లేత్ పైన బల్బుకో నూలు తాడు,
నూనె చేతులతో లాగి లాగి నల్లబడింది.
దాని కొసకి ముడేశాడు.

ఇప్పుడా పాకలో దీపం వెయ్యాలంటే
ముప్ఫై ఏడేళ్ళని రెండు వేళ్ళతో పట్టుకుని
మెల్లగా
కిందికి లాగాలి.