ముళ్ళు తీసే బల్ల దగ్గర

ఎటెల్వినా, కత్తిని అలా పట్టుకోకు.
మాటనీ అలా పట్టుకోకు, పిడికిలి బిగించి.
మణికట్టు వదులుగా ఉండాలి
చేపకైనా, ఇంగ్లీషుకైనా.

పదకొండేళ్ళ కిందట ఫ్రేజర్‌బరోలో బస్సు దిగినప్పుడు
నా సంచిలో ఒక నిఘంటువు ఉండేది,
లియెపాయాలో కొన్నది, ఇటుకంత.
రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టాను.
‘హౌ ఆర్ యూ’కి చక్కటి జవాబొకటి
ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.
తొలిరోజు ఫోర్‌మన్ వచ్చి ‘ఫిట్ లైక్?’ అన్నాడు.
ఏప్రన్ సరిపోయిందా అని కాబోలనుకుని
‘టూ బిగ్’ అన్నాను.
బల్ల బల్లంతా నవ్వింది.
బాగున్నావా అని అడగడమట అది, ఈ ఊళ్ళో.
ఆ వారమంతా నీళ్ళు నమిలాను.
నిఘంటువు ఇప్పుడు
మా వంటగది కిటికీ మూసుకుపోకుండా ఆపుతుంది.
దానికీ ఒక ఉద్యోగం దొరికింది.

ఒంటరి మాట నేర్చుకోకు.
అది కోసేసిన తల,
కళ్ళు తెరుచుకునే ఉంటాయి, ఈదలేదు.
వాక్యాన్ని తోకతో సహా పట్టు.
‘మళ్ళీ ఒకసారి చెప్తారా’ అన్నది ముందు నేర్చుకో,
మిగతావి దాని వెనకే వస్తాయి.
అర్థం కాకుండా మాత్రం తల ఊపకు.
నేను ఊపాను ఒకసారి.
ఆదివారం తెల్లారగట్ల మూసిన గేటు ముందు
ఒక్కదాన్నే నిలబడ్డాను,
సీగల్ పక్షులకు నేనే కాపలా.

బస్ స్టాపులో ముసలమ్మలుంటారు, వాళ్ళకు తొందరుండదు.
వాన గురించి ఒక్క ముక్క వెయ్యి, చాలు,
అక్కడినుంచి మోకాళ్ళ నొప్పికీ, అల్లుడికీ,
ఎప్పుడో మునిగిన పడవకీ వాళ్ళే తీసుకుపోతారు.
నువ్వు ‘అవునా’ అంటూ ఉండు.
మిసెస్ డథీ నా తప్పు దిద్దినప్పుడల్లా
మూతి ముడుచుకోకుండా
ఆ వాక్యాన్నే తిరిగి పలికేదాన్ని,
ఆమె సాగదీసినట్టే, ఆమె ముక్కుతోనే.
ఇప్పటికీ ఫోనులో నా గొంతు విన్నవాళ్ళు
డెబ్బై ఏళ్ళు దాటాయనుకుంటారు.

ఇక ఆ ‘ఎ’, ఆ ‘ది’.
మా లాట్వియన్‌లో అవి లేనే లేవు.
సన్నముళ్ళు, వేలికి తగలవు.
ఒకటీ అరా మిగిలిపోతే ఎవరూ చచ్చిపోరు,
వెతుకుతూ కూర్చుంటే మాత్రం చేప పాడైపోతుంది.

రాత్రి గిన్నెలు కడుగుతూ
పొద్దుటినుంచి ఏం చేశావో పైకి చెప్పుకో.
ఒకే గదిలో నలుగురున్నారుగా, నవ్వుతారు.
నవ్వనీ.
లెక్కల కోసం తొందరపడకు,
నేను ఇప్పటికీ పెట్టెల్ని మా అమ్మ భాషలోనే లెక్కపెడతాను.
లెక్కా, తిట్టూ, ఏడుపూ ఆఖరున దాటతాయి సముద్రం.

నాకు ఇంగ్లీషు ఎప్పుడు వచ్చిందో చెప్పనా?
లైబ్రరీలో మంగళవారం క్లాసులో కాదు.
ఒక నవంబరులో జీతం కాగితంలో ఆరు గంటలు తగ్గాయి.
మూడు రాత్రులు కూర్చుని ఒక్క వాక్యం రాసుకున్నాను,
చేతి తొడుగులో దాచుకున్నాను.
ఆఫీసు కిటికీ ముందు తీసి చూస్తే
కాగితం ముద్దయిపోయింది,
సిరా అంతా అరచేతికెక్కింది.
ఇక చేసేదేముంది, నోరు తెరిచాను.
నిన్న రేపయింది, ఆయన ఆమె అయ్యాడు,
క్రియలన్నీ బట్టల్లేకుండానే పరుగెత్తాయి.
గుమస్తా మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.
ఆరు గంటలూ తిరిగొచ్చాయి.
హార్బరు దాకా నడిచొచ్చాక తట్టింది,
మధ్యలో ఎక్కడా ఆగలేదని.

అదుగో, బెల్లు కొట్టారు.
ఇంతసేపూ నీతో మాట్లాడింది ఏ భాషలోననుకున్నావు?
తల ఊపుతున్నావు.
నిజంగా అర్థమైందా,
లేక ఇది నా ఆదివారం తలూపుడేనా?
కత్తి కింద పెట్టు.
అడుగు నన్ను.