తాలు గింజ

వేములపల్లి రోడ్డు మీద
వడ్ల ట్రాక్టర్లు మూడు రోజుల సంది లైను కట్టినయి.
మిల్లు ఆఫీసు కిటికీకి ఊక దుమ్ము,
కీబోర్డు మీద ఊక దుమ్ము,
నా జడల గూడ.
పదకొండింటికి వచ్చింది ఆ మెయిలు.

బ్యాంకు గుర్తు అదే, నీలం రంగు అదే,
అడుగున మేనేజరు సంతకం.
ప్రియమైన ఖాతాదారు, మీ కేవైసీ గడువు తీరినది,
సాయంత్రం ఆరు లోపల ఈ లింకు నొక్కనిచో
ఖాతా స్తంభింపజేయబడును.

స్తంభిస్తే?
రేపు శనివారం. నలభై రెండు మంది హమాలీల కూలి.
కాంటా కాడ రైతుల లొల్లి.
షావుకారు పెండ్లిల ఉన్నడు, ఫోనెత్తడు.
నా వేలు మౌసు మీదికి పోయింది.

మట్టయ్య అప్పుడే చాయ్ కోసం లోపలికొచ్చిండు.
ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కుంటడు.
ముప్పై ఏండ్ల సంది ఈ మిల్లుల
గింజ పంటి కింద పెట్టి తేమ చెప్పే మనిషి.
మిషను పదిహేడన్నా, ఆయన పద్దెనిమిదంటే
షావుకారు పద్దెనిమిదే రాస్తడు.

"ఏం బిడ్డా, మొహం గట్ల పెట్టినవ్?"
చెప్పిన.
చాయ్ ఊదుకుంట అడిగిండు:
"ఆరు లోపల్నే ఎందుకంట?
మంచి సరుకున్నోడు తొందరపెట్టడు.
తడి వడ్లోడే
జల్ది కాంటా పెట్టు, చీకటి పడ్తదంటడు."

వేలు ఆగింది.

ఆయన నడుముల చెక్కిన గొట్టం తీసి చూపిచ్చిండు,
బస్తాల గుచ్చేది.
"పై గింజ వాడు చూపిస్తడు.
నడుమ గింజ మనం చూడాలె."

బాణం గుర్తును లింకు మీద నిలబెట్టిన.
నొక్కలే. ఊకనే నిలబెట్టిన.
తెర అడుగున అసలు అడ్రసు బయటపడ్డది:
ముందల బ్యాంకు పేరు,
వెనక ఎన్నడు వినని తోక.
పంపినోని పేరు మీద గుచ్చిన.
ఎల్ అక్షరం ఉండాల్సిన కాడ
ఒకటి అంకె నిటారుగ నిలబడ్డది,
వడ్లల్ల తాలు గింజ లెక్క.
పొట్టు అదే, రంగు అదే,
లోపల బియ్యం లేదు.

ఇంకోటి, ప్రియమైన ఖాతాదారు అట.
పదకొండేండ్ల ఖాతా, పేరు తెల్వదా?
మా క్యాషియరు శ్రీపతి అయితే
"సోమలక్ష్మీ, మీ చెక్కు మీద సంతకం మళ్ల వంకర పోయింది"
అని తిడ్తడు.
ఆ తిట్టు వేరు, ఈ ప్రియం వేరు.

మెయిల్ల ఉన్న నంబరుకు కాదు,
పాసుబుక్కు అట్ట మీది నంబరుకు చేసిన.
"మేం పంపలే. ఓటీపీ, పాస్‌వర్డు
మేమెన్నడు అడగం" అన్నడు శ్రీపతి.
అదయిపోయింది.

కాలే.
పోయిన యాసంగిల గిట్లాంటిదే ఒకటొస్తే
నేను నొక్కిన.
మిల్లు సొమ్ము కాదు, నాది.
చీటీ ఎత్తిన పద్దెనిమిది వేల నాలుగు వందలు.
ఓటీపీ ఆరంకెలు నా చేతులతోనే కొట్టిన.
ఇంట్ల మాత్రం చీటీ మునిగిందన్న.
చీటీ నడిపే సైదమ్మ ఎదురొస్తే
మా ఆయన ఇప్పటికీ మొహం తిప్పుకుంటడు.
పాపం, ఆమెకు ఎందుకో తెల్వదు.

ఎందుకో ఆ మాట మట్టయ్యకు చెప్పిన.
చాయ్ చల్లారేదాంక మాట్లాడలే.
"తొలి ఏడు నేను గూడ" అన్నడు ఆఖరికి,
"లారీ లారీ తడి వడ్లు దింపిచ్చిన.
మూడ్నెల్ల జీతం కోసిండ్రు.
ఆ దినం సందే ఈ కొరుకుడు.
కని నేను తప్పు చేస్తే
డ్రైవరు మీద పెట్టలే బిడ్డా."

గొట్టం నడుముల చెక్కుకొని పోయిండు.
కాంటా కాడ ఎవరితోనో కొట్లాడుతున్న గొంతు వినబడ్డది.

సాయంత్రం ఆరయింది.
ఖాతా ఖాతాలెక్కనే ఉన్నది.
స్కూటీ తీసి
ఇంటి దిక్కు కాకుంట
సైదమ్మ వాళ్ల గల్లీకి తిప్పిన.
ఏమని మొదలు పెట్టాల్నో
ఇంకా తెల్వదు.
నోట్ల ఒక వడ్ల గింజ ఉన్నది,
కొరుకుతున్న.