వారంటీ బల్ల

ఔలు పట్టణం. బయట మైనస్ ఇరవై రెండు.
లోపల నా బల్ల మీద
పదకొండు రోజుల వయసున్న గేమ్ పెట్టె
జ్వరంతో మూలుగుతోంది.

ఈ వారంలో ఇది పద్నాలుగోది.
ఒకదాని ఫ్యాను పిండిమరలా గోల,
ఒకటి డిస్కు మింగి కక్కనంటుంది,
ఇంకోటి నిద్రపుచ్చితే మళ్లీ లేవదు.
వేడెక్కుతోందని ఉర్హో గారు
తనదాన్ని బాల్కనీ మంచులో పెట్టి ఆడారట.
లోపలికి తేగానే
దాని ఒళ్లంతా చెమట, ఆపైన చీకటి.
"మంచు వారంటీలోకి రాదండీ" అన్నాను.
ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ
పాతవాటి రోగాలు నా వేళ్లకు తెలుసు.
కొత్తదాని నాడి దొరకడానికే నెల పడుతుంది.

రెండింటికే పొద్దు గూకింది.
తొమ్మిదేళ్ల హిల్లా వచ్చింది,
పెట్టె వాళ్లమ్మ చంకలో, కంట్రోలర్ తన చేతిలో.
ఎడమ స్టిక్కు ముట్టుకోకపోయినా
బొమ్మ తనంతట తానే నడుస్తుందట.
"పది నిమిషాల పని" అన్నాను, స్క్రూడ్రైవర్ వెతుకుతూ.

"అది వద్దు. ఫ్యాన్ ఒక్కటే బాగుచెయ్యి.
నేను బడికెళ్లాక
వాడొక్కడే నడుచుకుంటూ సరస్సు దాకా వెళ్తాడు.
నేనొచ్చేసరికి ఒడ్డున నిలబడి ఉంటాడు."

"అంటే రోజంతా ఆన్‌లోనే ఉంచుతావా?"

"ఆపేస్తే వాడెలా వెళ్తాడు?"

వాళ్లమ్మ కిటికీ వైపు తిరిగింది.
నేను ఫ్యాను విప్పి దుమ్ము ఊదాను.
ఫారంలో 'లోపం' అన్న గడిలో
శబ్దం అని మాత్రమే రాశాను.