అంటు పక్కన చుక్క

బంగారుపాళ్యం బస్సు దిగి నేరుగా
చిత్తూరు లైబ్రరీలో నా కౌంటరు కాడికే వచ్చినాడు చెంగల్రాయుడు.
చంకలో గొడుగు. చొక్కా మీద జీడి మరకలు.
"అంటు గట్టే పుస్తకం మా, పచ్చట్ట.
మా వస్తాదు పిళ్లె రాసింది, ఈ ఊర్లోనే అచ్చేసినారు.
పేరా? పేరు యాడ గుర్తుంటాది!
గుర్తుండేది మూడో బొమ్మ ఒకటే,
కొమ్మను ఏ వాలున కొయ్యాల్నో చూపించే బొమ్మ."

మామిడి అని కొట్టినాను.
నాలుగు వందల పన్నెండు.
పచ్చళ్లు, గుజ్జు ఫ్యాక్టరీల లెక్కలు,
ఇంటిపేరులో మామిడి ఉన్న పెద్దమనుషులు.
"ఇంత తోపులో యే చెట్టని ఎతుకుతావు మా?"

అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచినాను.
ఒకదాని కింద ఒకటి ఖాళీ గళ్లు,
నీళ్లు తగలని పాదుల మాదిరి.

పిల్లెనో పిళ్లెనో, ఎవరెట్ల ఎక్కించినారో అని
పిల్ల రాసి పక్కన చుక్క పెడితే
పిల్లల కథలు, పిల్లల ఆటలు, పిల్లల దగ్గు మందులు
బడి వదిలినట్టు తెర నిండా.
"వస్తాదుకు పెండ్లే కాలేదే" అని నవ్వినాడు ముసలాయన.
రచయిత గడికి మార్చినాను.
ముగ్గురే మిగిలినారు, ముగ్గురూ వకీళ్లు.

మామిడి లేదా మావిడి, మరియు అంటు.
సున్న.
మామిడి తీసేసి, అంటు పక్కన చుక్క.
అంటువ్యాధులు. అంటుజ్వరాలు. అంటుతామర.
కాదు అని ఎంచుకొని వ్యాధి అని రాసినాను.
మిగిలినవి రెండే, రెండూ గులాబీలవి.

కండ్లద్దాలు పైకి తోసి తెర మీదికి వంగినాడు.
"ఆ కాదు ఏంది మా?"
ఆ మాట ఉండేవి రావద్దని, అన్నాను.
"కొమ్మ కొట్టే ముందర
దాని మీద కన్ను ఉండాదేమో చూసుకోవద్దా?"

కాదు తీసేసినాను.
అచ్చయిన ఊరు చిత్తూరు.
సంవత్సరం అరవై నుంచి డెబ్బై దాకా.
ఒక్క వరస నిలబడింది:

అంటు విధానము. పిలయ్. నలభై ఎనిమిది పుటలు.
విషయం: అంటువ్యాధులు, నివారణ.

కింద చిన్న అక్షరాల్లో, ఎక్కించినవారు.
నా పొడి అక్షరాలే.
చేరిన మొదటి నెల. కార్డుకు రూపాయిన్నర.
కరెంటు వచ్చిన గంటలో రెండు వందల కార్డులు,
అట్ట కూడా తిప్పకుండా.

ఆరు వందల పదహారో నంబరు బీరువాలో
కలరాకీ క్షయకీ మధ్య
పదహైదేండ్లుగా ఒరిగి నిలబడి ఉంది,
పచ్చ పోయి బూడిదరంగు తేలి.

ఆయన మొదటి పేజీ తెరవలేదు.
వేలితో తడుముకుంటూ మూడో బొమ్మకు పోయి
ఆ వాలు గీత మీద గోరు ఆనించి
అట్లే కూర్చున్నాడు, ఫ్యాను కింద, చాలాసేపు.

నేను రికార్డు దిద్దినాను.
ఆరు వందల ముప్పై నాలుగు అని చీటీ రాసి
వీపు మీది పాతదాన్ని గీకి
జిగురు పూసి అంటిస్తా ఉంటే, ఆయన:

"బాగా అదుము మా.
గాలి దూరితే పట్టుకోదు."